జీతం లేని నల్లకోటు

డిగ్రీ పట్టా, నల్లకోటు, మెడకి తెల్లబ్యాండు... మూడూ ఒకే వారంలో ఇంటికి వచ్చేస్తాయి. వకీలు మాత్రం ఆ వారంలో తయారవడు. అందుకు ఇంకో మూడేళ్లో, అయిదేళ్లో పడుతుంది. ఆ మధ్యకాలంలో నేర్పే బాధ్యత సీనియరుది, నేర్చుకునే కష్టం జూనియరుది, ఖర్చు మాత్రం కన్నవాళ్లది!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు ఉండి ఉంటే మూడోది కూడా కలిపేవారేమో... ఇంట్లో ఒకర్ని వకీల్ని చేసి చూడు అని.

ఉప్పల్ రింగురోడ్డుకి కాస్త లోపలగా ఉండే చిల్కానగర్‌నే తీసుకోండి. ఒకవైపు నాచారం పారిశ్రామికవాడ. ఇంకోవైపు హబ్సిగూడ, అది దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. కంపెనీల్లో పనిచేసేవాళ్లు, చిన్న వ్యాపారులు, ఆటో నడుపుకునేవాళ్లు, ఒకటో తారీఖు జీతం మీద బతికే కుటుంబాలు. అలాంటి ఓ ఇంట్లో అమ్మాయి డిగ్రీ అయ్యాక లాసెట్ రాసింది అనుకుందాం. ర్యాంకు వచ్చింది. మూడేళ్లు చదివింది. పాసైంది. కోటు కుట్టించుకుని ఫొటో దిగింది. చుట్టాలకి స్వీట్లు పంచారు. 'మా పాప లాయరు' అని తండ్రి కంపెనీలో నలుగురికీ చెప్పుకున్నాడు.

ఒకటో తారీఖు వచ్చింది. పాప జీతం తేలేదు సరికదా, మెట్రో కార్డుకీ జిరాక్సులకీ డబ్బులు అడిగింది. రెండో నెలా అంతే. ఆరో నెలా అంతే. 'అదేంటమ్మా, లాయరంటే వేలకి వేలు ఫీజులు అంటారు కదా' అని ఇంట్లో గొణుగుడు మొదలైంది.

వాళ్లు గొణగడంలో తప్పులేదు. ఆ పిల్ల కష్టపడటంలోనూ లోపం లేదు. ఈ వృత్తి కట్టడమే అలా ఉంది మరి!

పట్టాకీ పనికీ మధ్య

న్యాయశాస్త్రం పట్టా చేతికి రాగానే కోర్టులో వాదించడానికి వీల్లేదు. ముందు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. తెలంగాణ వాళ్లకి అది హైకోర్టు ఆవరణలోనే ఉంది. నమోదయ్యాక రెండేళ్లలోపు అఖిల భారత బార్ పరీక్ష పాసవ్వాలి. 2011లో మొదలైన ఈ పరీక్ష చెల్లుతుందా చెల్లదా అని చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. చివరికి అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న చెల్లుతుందనే తేల్చింది.

నమోదు ఫీజుదీ ఓ కథే. చట్టం చెప్పింది 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకైతే 125. కానీ రకరకాల పద్దుల కింద వేలకి వేలు వసూలు చేయడం దేశమంతటా అలవాటైపోయింది. ఒడిశాలో అది 42,100 రూపాయల దాకా పోయింది. సంపాదన మొదలుపెట్టకముందే ఇంత కట్టమంటే పేదింటి పిల్లలు ఎక్కణ్నుంచి తెస్తారన్నది 2024లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న. చట్టంలో ఉన్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదని ఆ ఏడాది జులై 30న తీర్పు వచ్చింది. గుమ్మం దగ్గర అడ్డంకి కొంత తగ్గింది. గుమ్మం దాటాక ఉన్నదే అసలు సంగతి.

డాక్టరుకి ఉంది, ఆడిటరుకి ఉంది...

ఎంబీబీఎస్ చదివిన కుర్రాడు ఏడాదిపాటు హౌస్‌సర్జన్‌గా పనిచేస్తేగానీ పూర్తి డాక్టరు కాడు. ఆ ఏడాది స్టైపెండు ఇస్తారు. సీఏ చదివేవాళ్లు ఆడిటరు దగ్గర ఆర్టికల్‌షిప్ చేసి తీరాలి. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో అది రెండేళ్లు. కనీసం ఎంత ఇవ్వాలో వాళ్ల ఇనిస్టిట్యూటే చెబుతుంది. ఇంగ్లండులో సొలిసిటర్ కావాలంటే పరీక్షలతోపాటు రెండేళ్లు న్యాయసంస్థల్లో పనిచేసిన అనుభవం చూపించాలి. ముంబయిలో కూడా సొలిసిటర్ల సంస్థలో శిక్షణ పొంది, వాళ్ల సంఘం పెట్టే పరీక్ష రాసే సంప్రదాయం ఒకటుంది.

మరి హైదరాబాదులో కోర్టుకెళ్లే అడ్వొకేటుకి? తప్పనిసరి శిక్షణ లేదు. ఒక్కరోజు కూడా ఎవరి దగ్గరా పనిచేయకుండా, పేరు నమోదైన మర్నాడే బోర్డు కట్టుకుని కూర్చోవచ్చు. చట్టం అడ్డు చెప్పదు.

మొదట్నుంచీ ఇలా లేదు. 1961లో అడ్వొకేట్ల చట్టం చేసినప్పుడు శిక్షణ పొంది, పరీక్ష పాసైతేనే నమోదు అని రాశారు. 1973లో సవరణ తెచ్చి ఆ షరతు తీసేశారు. లా కాలేజీలో మూడేళ్లు చదివినవాడికి మళ్లీ శిక్షణ దేనికన్నది అప్పటి ఆలోచన. రెండు దశాబ్దాలు గడిచాక ఆ లోటు ఏంటో బార్ కౌన్సిల్‌కే తెలిసొచ్చింది. నమోదుకి ముందు ఏడాదిపాటు సీనియరు దగ్గర పనిచేయాలని 1995లో నిబంధనలు తెచ్చింది. అవి సుప్రీంకోర్టుకెళ్లాయి. పార్లమెంటు తీసేసిన షరతుని మళ్లీ పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కి లేదంటూ 1999 మార్చి 15న కోర్టు వాటిని కొట్టేసింది.

అంటే శిక్షణ వద్దని ఎవరూ అనలేదు. ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి, అన్నాళ్లూ అన్నం ఎవరు పెట్టాలి అన్నది మాత్రం తేల్చలేదు. కాయితం మీద లేనిది ఆచారంలో ఉండిపోయింది. పట్టా పుచ్చుకున్న పిల్లలు సీనియరు ఇంటి గుమ్మం ముందు నిలబడి 'సార్, మీ దగ్గర జూనియరుగా చేరతాను' అని అడగడం... అదే నేటికీ మన న్యాయశిక్షణ!

మొదటి గురువు గుమాస్తా

సీనియరు 'సరే, సోమవారం నుంచి రా' అన్నారు. సంతోషం. సోమవారం ఏం పని?

ఉప్పల్ ప్రాంతమంతా 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. తర్వాత మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. కాబట్టి ఇక్కడి ఆఫీసుల్లో పాత దావాల కట్టలు ఎల్బీనగర్ కోర్టుల దారి పడితే, కొత్తవి తమ జిల్లా కోర్టుల దారి పడుతుంటాయి. హైకోర్టు పని ఉంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, మూసీ ఒడ్డున 1920 నుంచీ నిలబడి ఉన్న ఆ ఎర్రరాతి భవనానికి చేరాలి. ఆడపిల్లలకి 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ బస్సు ఉచితం కావడం కొంత ఊరట. మగపిల్లలకి ఆ ఊరటా లేదు.

కోర్టుకెళ్లిన జూనియరు మొదటిరోజే వాదించేస్తాడని సినిమాలు చూసినవాళ్లు అనుకుంటారు. ఆర్నెల్లదాకా పని అంతా నిలబడటమే. ఉదయం లిస్టు చూడాలి. ఏ కోర్టులో మన కేసు ఎన్నో నంబరో డైరీలో రాసుకోవాలి. పిలుపు వచ్చేసరికి అక్కడ ఉండాలి. సీనియరు పక్క కోర్టులో వాదిస్తూ ఉంటే లేచి 'పాస్ ఓవర్ ప్లీజ్' అని అడగాలి. ఆ రెండు మాటలు అనడానికే మొదటిసారి గొంతు పెగలదు. జడ్జిగారు 'ఎన్నిసార్లు?' అన్నారంటే కాళ్లు వణుకుతాయి. తర్వాతి వాయిదా తారీఖు సరిగ్గా విని రాసుకోవాలి. 14 అన్నది 4 అని వినిపించిందా... పది రోజులు ముందుగా వచ్చిన కక్షిదారు ఆఫీసులో కూర్చుని పెట్టే చీవాట్లు సీనియరు తింటారు. ఆ తర్వాత జూనియరు తింటాడు.

సాయంత్రం ఆఫీసు. అక్కడ అసలు బడి మొదలవుతుంది. విచిత్రం ఏంటంటే ఆ బడిలో మొదటి మాస్టారు సీనియరు కాదు, గుమాస్తా! పట్టా ఉండదు, నల్లకోటు ఉండదు. కానీ వకాల్తా మీద ఏ స్టాంపు ఎక్కడ అంటించాలి, ప్రాసెస్ ఫీజు ఎప్పుడు కట్టాలి, నకలు కోసం అర్జీ ఏ కౌంటర్లో వేయాలి, దావా కాయితాలు ఏ వరసలో కుట్టాలి... ఇవన్నీ ఆయనకి కంఠోపాఠం. ఎల్‌ఎల్‌బీలో ఫస్టుక్లాసు వచ్చిన పిల్ల రాసిన దావాని సెక్షన్‌లో అభ్యంతరాలు రాసి వెనక్కి పంపేస్తారు. దాన్ని 'రిటర్న్' అంటారు. కోర్టు ఫీజు లెక్క తేడా అనో, ఆస్తి హద్దులు రాయలేదనో, ప్రతివాదికి ఇవ్వాల్సిన నకలు లేదనో కారణాలు. గడువులోపు సరిచేసి మళ్లీ వేయాలి. అలా నాలుగు రిటర్న్‌లు తిన్నాక అయిదో దావా తిరుగులేకుండా నంబరవుతుంది. ఆ నేర్పు ఏ పుస్తకంలోనూ దొరకదు. గుమాస్తాని 'అన్నా' అని పిలిచి పక్కన కూర్చున్నవాళ్లకే దొరుకుతుంది.

ఇప్పుడు కేసుల వివరాలు ఫోన్లోనే కనిపిస్తున్నాయి. ప్రతి కేసుకీ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం పాత సీనియర్లకి జూనియర్లే గురువులు. ఇంకోటీ ఉంది. 2024 జులై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం పోయి కొత్త చట్టాలు వచ్చాయి. హత్య అంటే 302 అని నలభై ఏళ్లుగా నోటికొచ్చిన సీనియరు 103 అని కొత్తగా వల్లె వేయాల్సి వచ్చింది. పాత కేసులకి పాతవి, కొత్త నేరాలకి కొత్తవి. ఆఫీసులో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని సీనియరూ జూనియరూ కలిసి చదువుకునే రోజులివి.

తారీఖు తప్పితే తలరాత మారిపోతుంది

జూనియర్లు నేర్చుకునేదంతా వాళ్ల భవిష్యత్తు కోసమేననుకుంటే పొరపాటు. వాళ్లు ఎంత బాగా నేర్చుకుంటే మన కేసులు అంత భద్రం. ఎందుకంటే మన కాయితాల కట్ట సీనియరు చేతికి వెళ్లేముందు జూనియరు చేతిలోనే ఉంటుంది.

నాచారంలో చిన్న వర్క్‌షాపు నడిపే ఆయన సరుకు పంపించి చెక్కు తీసుకున్నాడనుకోండి. బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన రోజు నుంచి అవతలివాడికి 15 రోజుల గడువు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మూడు మెట్లు, మూడు తారీఖులు. నోటీసు రాయడం, పోస్టులో వేయడం, ఎప్పుడు అందిందో చూసుకోవడం... ఇవన్నీ ఆఫీసులో జూనియరు పనులే. ఫిర్యాదు గడువు దాటితే తగిన కారణం చూపి కోర్టుని మెప్పించాలి. నోటీసు గడువే దాటిపోతే ఆ కేసు అక్కడితో సరి.

ప్రోనోటు మూడేళ్లని మనకి తెలుసు. గడువు తీరకముందే బాకీదారు చేత కొంత కట్టించి నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. ఈ సంగతి ఊళ్లో పెద్దవాళ్లకి లా చదవకుండానే తెలుసు. పట్టా ఉన్న కొత్త జూనియరు మాత్రం ఒక్కోసారి నోటు ముందువైపు చూసి 'టైమైపోయింది సార్' అనేస్తాడు. 'వెనక్కి తిప్పి చూశావా?' అంటారు సీనియరు. ఆ ఒక్క మాటే శిక్షణ. మళ్లీ జన్మలో ఏ కాయితాన్నీ వెనకవైపు చూడకుండా కింద పెట్టడు.

ఉప్పల్‌లాంటి చోట ఇంకో పెద్ద పాఠశాల ఉంది... ఇళ్ల స్థలాల దస్తావేజులు. ఒకప్పుడు పొలాలు, తర్వాత ప్లాట్లు, తర్వాత అంతస్తులు. ఉప్పల్‌కలాన్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. ఒక ప్లాటు ఇరవై ముప్ఫై ఏళ్లలో నాలుగు చేతులు మారి ఉంటుంది. ఆ నాలుగు చేతుల కథ లింకు డాక్యుమెంట్లలో ఉంటుంది. ఒకచోట సర్వే నంబరులో అంకె తేడా. ఒకచోట ఉత్తరం హద్దు దక్షిణమైపోయింది. ఇంకోచోట చనిపోయినాయన వారసుల్లో ఒక ఆడపిల్ల సంతకం లేదు. ఈసీ తీస్తే 1983 తర్వాతవి కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. జీవితకాలం పొదుపు పెట్టి కొనుక్కున్న నూట యాభై గజాల స్థలం నిలుస్తుందా పోతుందా అన్నది, ఆ కట్టని ఓ సాయంత్రం కూర్చుని ఓపిగ్గా చదివిన జూనియరు కంటిచూపు మీద ఆధారపడి ఉంటుంది.

మరి ఆ సాయంత్రం ఆ పిల్లకి టీ తప్ప ఇంకేమీ దక్కదంటే... నష్టం ఆ పిల్లకొక్కదానికేనా?

వకీలు మాటలు

కోర్టు భాష కూడా ఆఫీసులోనే పట్టుబడుతుంది. కాలేజీలో అంతా ఇంగ్లీషు. ఆఫీసుకొచ్చే కక్షిదారుకి కావాల్సింది తెలుగు. పాత కాయితాలు తిరగేస్తే ఉర్దూ. నిజాం కాలంలో హైదరాబాదు కోర్టులు ఉర్దూలో నడిచాయి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువూ ఉర్దూలోనే సాగేది. అందుకే కోస్తాలో 'ప్లీడరుగారు' అంటే తెలంగాణలో 'వకీలు సాబ్' అయ్యారు. దావా, వకాల్తా, వాయిదా, పేషీ, నకలు, ముద్దాయి, జమానతు... రోజూ వాడే ఈ మాటల్లో తెలుగులో పుట్టింది ఒక్కటీ లేదు. అయినా పరాయివని ఎవరికీ అనిపించదు.

పాత రెవెన్యూ కాయితాల్లో పహాణీ, సేత్వార్ అన్న మాటలు చూసి కొత్త జూనియర్లు బిత్తరపోతారు. కక్షిదారు చెప్పేది తెలుగులో విని, కాయితం ఉర్దూలో ఉంటే అర్థం చెప్పించుకుని, దావా ఇంగ్లీషులో రాయాలి. మూడు భాషల మధ్య ఒక మనిషి గోడు చెదిరిపోకుండా మోసుకెళ్లడం నేర్చుకోవాలి. అది నేర్చుకున్న జూనియరే 'అమ్మా, మీకు రావాల్సింది వాటానా, స్వాధీనమా?' అని సూటిగా అడగగలుగుతాడు.

ఒకరికి మామగారు, ఒకరికి పూటకూళ్లమ్మ

రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు మద్రాసులో న్యాయవాద వృత్తి నేర్చుకున్నది మామగారు పి.వెంకటరమణారావు నాయుడు ఆఫీసులో. ఆయన పేరున్న లాయరు, తర్వాత హైకోర్టు జడ్జి అయ్యారు. బావమరిది పి.వి.రాజమన్నార్‌తో కలిసి సుబ్బారావు ప్రాక్టీసు సాగించారు. రాజమన్నార్ మద్రాసు హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయితే, సుబ్బారావు 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తి, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి. ప్రతిభ ఆయనదే. సందేహం లేదు. కానీ ఆ ప్రతిభ పదునెక్కడానికి ఇంట్లోనే ఓ ఆఫీసు ఉంది.

ఆయనకంటే ముప్ఫై ఏళ్లు ముందు పుట్టిన టంగుటూరి ప్రకాశానికి అలాంటి ఇల్లు లేదు. తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేయూతనిచ్చి చదివించారు. సెకండ్‌గ్రేడ్ ప్లీడరై రాజమండ్రిలో పేరూ డబ్బూ సంపాదించాడు. ఆ పట్టాతో పైకోర్టుల్లో వాదించే వీల్లేదని ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టాడు. ఆయన ఆంధ్రకేసరి అయ్యాడు, ముఖ్యమంత్రి అయ్యాడు. మనకి గుర్తుంది. పూటకూళ్ల ఇల్లు నడిపే తల్లులు, చేయందించే గురువులు దొరక్క మధ్యలోనే కోటు విప్పేసినవాళ్లు ఎందరో ఎవరికి గుర్తు?

నూరేళ్లు దాటినా ఆ తేడా అలాగే ఉంది. తండ్రో, మేనమామో వకీలైన పిల్లలకి కూర్చోడానికి కుర్చీ, చూసుకోడానికి పుస్తకాలు, 'మావాడు చూస్తాడు' అని అప్పగించే కక్షిదారులు మొదటిరోజు నుంచే ఉంటారు. చిల్కానగర్ అద్దె పోర్షన్ నుంచి వచ్చిన పిల్లకి ఇవేమీ ఉండవు. పైగా చేతులు కట్టేసే నిబంధన ఒకటుంది. ప్రాక్టీసు చేస్తున్నన్నాళ్లూ అడ్వొకేటు మరోచోట పూర్తికాలపు జీతానికి పనిచేయకూడదు. తన గురించి ప్రకటనలూ ఇచ్చుకోకూడదు. ఆఫీసులో జీతం లేదు, బయట ఉద్యోగం కుదరదు. మరి మధ్యలో మూడేళ్లు గడిచేదెలా?

ఎంత ఇస్తారు?

సీనియర్లందరూ పిసినారులేం కాదు. జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేసే చాలామంది సీనియర్ల సంపాదన కూడా నెలజీతంలా వచ్చేది కాదు. కక్షిదారు సగం ఫీజు ఇచ్చి మిగతా సగం తీర్పయ్యాక అంటాడు. ఆ తీర్పు పదేళ్లకి వస్తుంది. 'మా సీనియరు మాకేమిచ్చారని? పని నేర్పారు, అదే పదివేలు' అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు నేర్చుకున్న రోజుల్లో హైదరాబాదులో గది అద్దె ఇంత లేదన్నది మాత్రం మర్చిపోతుంటారు.

చిన్న చిన్న ఆధారాలు లేకపోలేదు. స్థలం దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు రాసుకొచ్చే అడ్వొకేట్ కమిషనరుగా కోర్టు జూనియర్లని నియమిస్తుంది. చాలామందికి మొదటి ఫీజు అదే. నోటీసులు, అద్దె ఒప్పందాలు, కేవియట్లు రాస్తే కాస్త వస్తుంది. న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లోకి వెళ్తే పేదల కేసులు చూసే అవకాశంతోపాటు కొంత పారితోషికమూ ఉంటుంది. అయితే ఇవేవీ మొదటి నెల నుంచే దొరకవు.

ప్రభుత్వాలు ఆలోచించకపోలేదు. జూనియర్లకి మొదటి మూడేళ్లపాటు నెలకి 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదలుపెట్టింది. 2024లో మద్రాసు హైకోర్టు గట్టి మాటే చెప్పింది. చెన్నై, మదురై, కోయంబత్తూరుల్లో 20,000, మిగతాచోట్ల 15,000 రూపాయలు కనీసంగా ఇవ్వాలంది. అదే ఏడాది అక్టోబరులో అఖిల భారత బార్ కౌన్సిల్ పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు మూడేళ్లపాటు ఇస్తే బాగుంటుందని సర్క్యులర్ పంపింది. సిఫారసే, ఆజ్ఞ కాదు. ఇవ్వలేని చిన్న ఆఫీసుల పరిస్థితినీ అర్థం చేసుకోవాలని అందులోనే అంది. ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వకపోతే ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది.

సంతకానికి విలువొచ్చింది

2025 మే 20న సుప్రీంకోర్టు మరో తీర్పునిచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. పదేళ్ల అనుభవమున్న అడ్వొకేటు ఇచ్చిన సర్టిఫికెట్టు మీద కోర్టు అధికారి ధ్రువీకరణ ఉండాలి. 2002 నుంచి లేని షరతు మళ్లీ వచ్చింది. కోర్టు ఎలా నడుస్తుందో చూడనివాళ్లు జడ్జి కుర్చీలో కూర్చుంటే కక్షిదారులకి ఇబ్బందన్నది కారణం. సబబైన మాటే. సాక్షిని ఒక్కసారి కూడా ప్రశ్నించనివారు సాక్ష్యాన్ని తూచడం కష్టమే కదా!

కానీ చిల్కానగర్ ఇంట్లో ఆ వార్త మరోలా వినిపిస్తుంది. లా అయిపోగానే జడ్జి పరీక్ష రాసి నిలదొక్కుకుంటుందనుకున్న పిల్ల ఇంకో మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరగాలి. తిరగడానికి ఆ పిల్లకి అభ్యంతరం లేదు. మూడేళ్ల తిండీ, దారిఖర్చూ మాటేమిటి? శిక్షణ తప్పనిసరి కాదని ఒకప్పుడు వదిలేశారు. ఇప్పుడు జడ్జి కావాలనుకునేవాళ్లకి తప్పనిసరి అయింది. స్టైపెండు మాత్రం ఇంకా ఐచ్ఛికంగానే ఉంది.

చేరేముందు అడగండి

సీనియరు దగ్గర చేరడమంటే గుడికి వెళ్లినట్టు కళ్లు మూసుకుని దండం పెట్టడం కాదు. మర్యాదగానే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవచ్చు.

ఆ ఆఫీసులో సాక్షుల విచారణదాకా వెళ్లే కేసులు ఉన్నాయా, లేక వాయిదాల తిరుగుడేనా? సాక్షిని ప్రశ్నించడం దగ్గరుండి చూడని జూనియరు అయిదేళ్లయినా అక్కడే ఉంటాడు.

జూనియరు రాసిన చిత్తుప్రతిని సీనియరు కూర్చుని దిద్దుతారా? ఎర్రసిరా పడిన కాయితాలే ఈ చదువులో మార్కుల జాబితా.

వకాల్తాలో జూనియరు పేరు కూడా రాస్తారా? రేపు ప్రాక్టీసు చేశామని చూపించుకోడానికి ఆ పేరే సాక్ష్యం.

దారిఖర్చులైనా మొదటి నెల నుంచి ఇస్తారా, కొంత మొత్తం ఎప్పట్నుంచి ఇస్తారు? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడి ఏడాది తర్వాత మానేసేకంటే ముందే అడగడం ఇద్దరికీ మంచిది.

అమ్మాయిలైతే సాయంత్రం ఆఫీసు ఎన్నింటిదాకా, ఇంకెవరెవరు ఉంటారు అన్నది కూడా. పనిచేసేచోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం వకీళ్ల ఆఫీసులకీ వర్తిస్తుంది. పదిమంది లేని ఆఫీసైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లోవాళ్లు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఎల్‌ఎల్‌బీ అంటే మూడేళ్లు కాదు, ఆరేళ్లు. కాలేజీ ఫీజు చూసుకుని ధైర్యం తెచ్చుకుంటే చాలదు. తర్వాతి మూడేళ్లకీ కొంత పక్కన పెట్టుకోవాలి. అది ముందే తెలిస్తే ఆరో నెలలో గొణుగుడు ఉండదు. ఆ పిల్ల తలొంచుకోవాల్సిన అవసరమూ రాదు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన సామెత. కక్షిదారుల గురించి పుట్టిన మాట అది. జూనియర్ల గురించి సామెత ఇంకా పుట్టలేదు. కానీ ఈసారి వకీలు ఆఫీసుకి వెళ్లినప్పుడు మూలన కుర్చీలో కూర్చుని మీ దస్తావేజు వెనకవైపు కూడా తిప్పి చూస్తున్న పిల్లనో పిల్లాణ్నో గమనించండి. మీరిచ్చే ఫీజులో వాళ్ల వాటా ఎంతో మీకు తెలియదు. వాళ్లకీ తెలిసి ఉండకపోవచ్చు.

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు. ఇక్కడ గురువులకి కొదవలేదు. శిష్యుడికి అన్నం ఎవరు పెట్టాలన్న దావా ఒక్కటే ఏళ్ల తరబడి తేలకుండా పెండింగులో ఉంది. తీర్పు వచ్చేదాకా వాయిదాలు కడుతున్నది మాత్రం కన్నవాళ్లే.